కారల్లం: ప్రపంచ వృక్షశాస్త్రంలో నిలిచిన మన తెలుగు మాట



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు ఏ కోట గురించో, ఏ శాసనం గురించో వ్రాద్దామనుకున్నాను. అయితే గత సంక్రాంతికి మా ఇంట్లో జరిగిన ఒక చిన్న విషయం నా ఆలోచనను మార్చివేసింది. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న మా మనుమరాలు పండుగకు వస్తూ ఒక మాత్రల డబ్బా తెచ్చుకొంది. “ఏమమ్మా, ఒంట్లో బాగాలేదా?” అని అడిగాను. “కాదు తాతయ్యా, ఆకలి తగ్గడానికి. ఒళ్లు తగ్గుతుందట” అన్నది. భూతద్దం పెట్టి డబ్బా మీద చీటీ చదివాను. ‘కారల్లుమా ఫింబ్రియాటా’ అని ఉంది. పక్కనే నాలుగు పలకల పచ్చని కాడ బొమ్మ. చూడగానే గుర్తుపట్టాను. “ఇది మన కుందేటి కొమ్ము కదా!” అన్నాను. మనుమరాలు నవ్వి, “కుందేలుకు కొమ్ములేమిటి తాతయ్యా?” అన్నది.

నిజమే. లేనిదానికి ఉపమానం చెప్పవలసి వస్తే మన పెద్దలు కుందేటి కొమ్మునే చెప్పారు. కాని రాయలసీమ గుట్టల్లో తిరిగినవారికి ఆ పేరుతో ఒక మొక్క ఉందని తెలుసు. నేను 1968 ప్రాంతంలో సర్వే శాఖలో చిన్న ఉద్యోగిగా కల్యాణదుర్గం తాలూకాలో పనిచేశాను. గొలుసు పట్టుకొని పొద్దుటి నుండి గుట్టల వెంట తిరిగేవాళ్లం. ఒకనాడు తెచ్చుకున్న సద్ది అయిపోయింది, ఊరు మూడు మైళ్ల దూరం. గొర్రెల కాపరి ఒకాయన ముళ్లపొద కిందనుండి నాలుగు కాడలు విరిచి, అంచులు గోటితో గీరి, “నమలండి సారూ, సాయంత్రం దాకా ఆకలి కాదు” అని ఇచ్చాడు. కొంచెం చేదు, కొంచెం ఉప్పన. నిజంగానే ఊరు చేరేదాకా కడుపు గొడవ పెట్టలేదు. వాళ్లింట్లో చింతపండు, పచ్చిమిరపకాయలు వేసి దానితో పచ్చడి నూరతారని కూడా చెప్పాడు.

తినడానికి లేనినాడు తిన్న కాడ, తిండి ఎక్కువైననాడు మాత్ర అయి వచ్చింది. ఈ వింత సంగతేమిటో తెలుసుకుందామని పుస్తకాలు తిరగేశాను. తెలిసిన విషయం నన్ను మరింత ఆశ్చర్యపరచింది. డబ్బా మీది ‘కారల్లుమా’ అనే లాటిన్ రూపంలోని మాట మన తెలుగు మాట. అది సుమారు 230 ఏళ్ల క్రితం మన కోస్తా నుండి ఓడలో లండను వెళ్లింది. ఆ కథను నాకు అర్థమైనంతలో మనవి చేస్తాను.

సామర్లకోట డాక్టరు దొర

విలియం రాక్స్‌బరో 1751లో స్కాట్లండులో పుట్టాడు. ఎడింబరోలో వైద్యంతోపాటు వృక్షశాస్త్రం కూడా చదువుకొని, 1776లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైద్యశాఖలో చేరాడు. 1781లో సామర్లకోటకు వచ్చాడు. అప్పట్లో అక్కడ కంపెనీ దండు ఉండేది. రోగులను చూసిన తరువాత మిగిలిన కాలమంతా ఆయనకు మొక్కలే. కంపెనీ తరఫున అక్కడ ఒక తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చిన వంటివి మన నేలలో పండుతాయా అని పరీక్షించాడు. ఉష్ణోగ్రత, గాలి పీడనం, వాన లెక్కలు వ్రాసి ఉంచడం ఆయనకు అలవాటు. 1789 నుండి 1792 వరకు ఉత్తర సర్కారులను పట్టి పీడించిన ఘోర కరవును ఆయన కళ్లారా చూశాడు. కరవులో జనానికి తిండి కాగల కొబ్బరి వంటి చెట్లను విరివిగా నాటించాలని కంపెనీవారికి వ్రాశాడు.

ఆయనకంటె ముందు మన తీరాన మొక్కలు సేకరించినవారు ఇద్దరిని చెప్పుకోవాలి. ఒకరు లిన్నేయస్ శిష్యుడైన కోనిగ్. ఈయన 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆఖరి జబ్బులో ఆయనకు వైద్యం చేసినది రాక్స్‌బరోనే. రెండవవారు విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్. ఈ ప్రాంతపు ఉపయోగకరమైన మొక్కలన్నిటినీ బొమ్మలతో పుస్తకంగా అచ్చువేయాలని కంపెనీకి సూచించినది ఈయనే. 1789లో రస్సెల్ స్వదేశానికి వెళ్లిపోగా ఆ పదవి, దానితోపాటు ఆ పని, రాక్స్‌బరోకు వచ్చాయి.

ఆయన చిత్రకారులను పెట్టుకొని మొక్కలకు బొమ్మలు గీయించాడు. వారు మన దేశస్థులే. ఒక్కొక్క బొమ్మకు పూవును విప్పి, భాగాలను విడివిడిగా చూపించి, వివరం తాను వ్రాసేవాడు. వాటితోపాటు ఇక్కడివారు ఆ మొక్కను ఏమంటారో, దేనికి వాడుతారో కనుక్కొని ‘తెలింగ’ పేరు అని వేరుగా వ్రాసుకొనేవాడు. 1794 నాటికి ఇలాంటి బొమ్మలు అయిదు వందలు లండను చేరాయి. వాటిలో మూడు వందలను సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో మూడు పెద్ద సంపుటాలుగా 1795 నుండి 1820 వరకు అచ్చువేశారు. అదే ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అనే ప్రసిద్ధ గ్రంథం.

1795లో వెలువడిన భాగంలో 30వ చిత్రం మన కుందేటి కొమ్ముది. రాక్స్‌బరో దానికి పెట్టిన పేరు ‘స్టాపీలియా అడ్‌సెండెన్స్’. కింద నమోదు చేసిన తెలుగు పేరు ‘కార్-అల్లం’.

జెముడు కాదు, జిల్లేడు చుట్టం

ఇక్కడ కొంచెం ఆగి మొక్క సంగతి చెప్పాలి. కండగల కాడ, ఆకులు లేకపోవడం చూసి దీనిని అందరూ జెముడు జాతి అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అది పొరపాటు. నాగజెముడు అమెరికా ఖండం నుండి వచ్చిన మొక్క. బొంతజెముడు మనదే కాని దానిది వేరే కుటుంబం. విరిస్తే పాలు కారుతాయి, ఆ పాలు కంటిలో పడితే ప్రమాదం. కారల్లం కాడ విరిస్తే పాలు రావు, నీరులాంటి రసం వస్తుంది. దీని అసలు చుట్టం మన జిల్లేడు.

నమ్మడం కష్టమే, కాని పూవులో చూడండి. జిల్లేడు పూవు నడుమ కిరీటం వంటిది ఉంటుంది కదా, కారల్లం పూవులోనూ అయిదు రేకుల నడుమ అలాంటి కిరీటమే ఉంటుంది. చాలా పూవుల్లో పుప్పొడి పొడిగా రాలుతుంది. ఈ రెండింటిలో మాత్రం చిన్న చిన్న మూటలుగా ఉండి, వచ్చి వాలిన పురుగు కాలికి చిక్కుకొని మరొక పూవుకు చేరుతుంది. కాయలు కూడా రెండింటికీ జంటగా వస్తాయి. పగిలితే పట్టు కుచ్చు కట్టిన గింజలు గాలికి ఎగిరిపోతాయి. నిటారుగా నిలబడిన ఆ జంట కాయలను చూసే కుందేటి కొమ్ములు అన్నారేమోనని నా ఊహ.

ఆకులు మొలకెత్తినా అతి చిన్నవి, త్వరగా రాలిపోతాయి. ఆకు చేసే పని కాడే చేస్తుంది. ఎండ వేళ తన సూక్ష్మ రంధ్రాలను మూసుకొని, రాత్రి చల్లబడ్డాక తెరచి గాలి పీల్చుకుంటుంది. నీరు ఆవిరై పోకుండా దాచుకొనే ఉపాయం ఇది. అందుకే అనంతపురం ఎండలో కూడా రాళ్ల సందున బ్రతుకుతుంది.

రాక్స్‌బరో దీనిని ‘స్టాపీలియా’లో ఎందుకు చేర్చాడు? దక్షిణాఫ్రికాలో ఇలాంటి కండకాడల మొక్కలు కొన్ని అప్పటికే యూరపుకు తెలుసు. లిన్నేయస్ వాటికి వాన్ స్టాపెల్ అనే ఆమ్‌స్టర్‌డామ్ వైద్యుని పేరుమీద స్టాపీలియా అని పేరు పెట్టాడు. పూవు పోలిక చూసి రాక్స్‌బరో మన మొక్కను ఆ ఇంట్లోనే కూర్చోబెట్టాడు. ‘అడ్‌సెండెన్స్’ అంటే పైకి ఎగబాకేది అని అర్థం.

బ్రౌన్ దొర చేసిన మ్యుటేషన్

రాక్స్‌బరో 1793లో కలకత్తా తోటకు అధికారిగా వెళ్లిపోయాడు. తరువాతి అంకం లండనులో జరిగింది. రాబర్ట్ బ్రౌన్ అనే మరొక స్కాట్లండు శాస్త్రవేత్త జిల్లేడు కుటుంబాన్నంతా పూవు పూవుగా పరిశీలించాడు. ఈయన మన నిఘంటువు బ్రౌన్ కాడు. 1827లో నీటిలో సూక్ష్మ రేణువుల చలనాన్ని గమనించినందుకు ‘బ్రౌనియన్ చలనం’ అని మన పిల్లలు చదువుకొంటున్నారే, ఆ బ్రౌన్ ఈయన. 1810లో వెలువరించిన తన పరిశీలనలో ఈయన మన మొక్క పూవులోని కిరీటం స్టాపీలియాల కిరీటం వంటిది కాదని, దీనికి వేరే ప్రజాతి కట్టాలని తేల్చాడు. కొత్త ప్రజాతికి పేరు కావలసివచ్చింది. రాక్స్‌బరో వ్రాసిపెట్టిన ‘కార్-అల్లం’ను తీసుకొని, చివర లాటిన్ పద్ధతిలో ‘ఆ’ చేర్చి ‘కారల్లుమా’ చేశాడు. అరబ్బీ మాట నుండి వచ్చిందని చెప్పినవారూ లేకపోలేదు. కాని బ్రౌన్ ఆ పేరు పెట్టినది రాక్స్‌బరో మొక్కకే, ఆ మొక్కకు నమోదైన పేరు తెలుగుదే గనుక ఆ వాదం నిలవదని నా అభిప్రాయం.

మాటకు అర్థం ఏమిటి? ‘కారు’ అంటే అడవి అనే అర్థం మనకున్నది. కారుచిచ్చు, కారెనుము అంటాం. ఆ లెక్కన కారల్లం అంటే అడవి అల్లం కావచ్చు. ఇది నా ఊహ మాత్రమే. భాషా పండితులు సరిదిద్దగలరు.

ఈనాటికీ దాని పూర్తి పేరు ‘కారల్లుమా అడ్‌సెండెన్స్ (రాక్స్‌బరో) బ్రౌన్’ అని వ్రాస్తారు. రెవెన్యూలో, సర్వేలో పనిచేసిన మిత్రులకు దీని భావం వెంటనే తెలుస్తుంది. కుండలీకరణంలో ఉన్నది మొదటి పట్టాదారు. బయట ఉన్నది మ్యుటేషన్ తరువాతి పట్టాదారు. కొత్తవాడు వచ్చాడని పాతవాని పేరు కొట్టివేయడం ఈ శాస్త్రంలో లేదు.

ఇంకొక పోలిక కూడా చెప్పాలి. ఒక కొత్త మొక్కకు పేరు పెట్టినప్పుడు, ఆ పేరు ఏ మొక్కకు చెందుతుందో చూపడానికి ఒక నమూనాను భద్రపరచాలి. దీనిని హద్దురాయి అనుకోండి. రేపు ఎవరికి సందేహం వచ్చినా ఆ రాయి దగ్గరకు వెళ్లి కొలుచుకోవాలి. ఇలా నమూనాను చూపడం 1958 నుండి తప్పనిసరి అయింది. అంతకుముందే 1935 నుండి వివరణ లాటిన్‌లో వ్రాయాలనే నియమం ఉండేది. 2012 నుండి ఇంగ్లీషులో వ్రాసినా చెల్లుతుంది. మామూలు మొక్కను కాగితాల మధ్య పెట్టి ఎండబెడితే నమూనా తయారవుతుంది. కండకాడల మొక్క అలా లొంగదు. అదుముతే చితుకుతుంది, వదిలితే కుళ్లుతుంది. ఎండినా పూవు రూపం, రంగు మిగలవు. కాబట్టి ఇలాంటి మొక్కలకు బొమ్మ విలువ చాలా ఎక్కువ. సామర్లకోట చిత్రకారుడు తడి ఆరని పూవును ఎదుట పెట్టుకొని గీసిన రేఖలే దూరదేశంలోని శాస్త్రజ్ఞులకు కళ్లయినాయి. ఆ చిత్రకారుని పేరు మాత్రం పుస్తకంలో లేదు.

పంపకాలు జరిగినా మూలపట్టా మనదే

ఆ తరువాత ఆఫ్రికాలో, అరేబియాలో ఇలాంటి మొక్కలు ఎన్నో దొరికాయి. దొరికినవాటిని దొరికినట్టు కారల్లుమాలో చేరుస్తూ పోగా అది పెద్ద ఉమ్మడి కుటుంబమై, వందకు పైగా జాతులతో నిండిపోయింది. మన దేశంలోనూ తగాదాలు వచ్చాయి. 19వ శతాబ్దంలో రాబర్ట్ వైట్ ‘అటెన్యుయాటా’ అని ఒకదానిని వేరే జాతిగా వర్ణించాడు. అంతకుముందే వాలిచ్ బర్మాలో చూసిన మొక్కకు ‘ఫింబ్రియాటా’ అని పేరు పెట్టాడు. రేకుల అంచున కుచ్చులు ఉండేది అని దాని అర్థం. మా మనుమరాలి డబ్బా మీద ఉన్నది ఈ పేరే.

1931లో మద్రాసు మ్యూజియం అధికారి గ్రేవ్‌లీ, అక్కడే వృక్షశాస్త్రం చూసే మయూరనాథన్ కలిసి భారతదేశపు కారల్లుమాలన్నిటినీ పరిశీలించి పుస్తకం వ్రాశారు. అటెన్యుయాటా, ఫింబ్రియాటా వంటివి వేరు జాతులు కావనీ, అడ్‌సెండెన్స్ లోని రకాలేననీ వారు తేల్చారు. కాని ఈ తీర్పును అందరూ ఒప్పుకోలేదు. ఫింబ్రియాటాను వేరు జాతిగా వ్రాసేవారు ఈనాటికీ ఉన్నారు. కొత్త జాతి అని చెప్పడం కష్టం కాదు. అది పాతదాని రకం కాదని నిరూపించడమే కష్టమని ఈ వ్యవహారం వల్ల తెలుస్తున్నది.

చివరకు 1995లో డారెల్ ప్లోస్ అనే శాస్త్రజ్ఞుడు ఈ ఉమ్మడి కుటుంబానికి పంపకాలు చేశాడు. చాలా జాతులను వేరు వేరు ప్రజాతులకు పంచివేశాడు. రాక్స్‌బరో గ్రంథంలోనే ఉన్న మరొక మొక్క, గుత్తిగా పూవులు పూసే ‘అంబెల్లాటా’ను కూడా ఈనాడు ‘బౌసెరోసియా’ అనే ప్రజాతిలో వ్రాస్తున్నారు. మరి కారల్లుమా పేరు ఎవరికి మిగలాలి? నియమం ప్రకారం ఆ పేరు మొదట ఏ జాతి మీద కట్టారో దానికే. అంటే మన కుందేటి కొమ్ముకే. ఎంత మంది దాయాదులు విడిపోయినా మూలపట్టా తెలుగు పేరుగల మొక్క దగ్గరే ఉండిపోయింది.

ఇలాంటి గౌరవం పొందిన తెలుగు మాట ఇదొక్కటే కాదు. రాక్స్‌బరో వర్ణించిన సోమిద చెట్టుకు 1830లో జూసియూ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ‘సోయిమిడా’ అని ప్రజాతి నామం పెట్టాడు. జ్వరానికి కొయినా బెరడు బదులు సోమిద బెరడు పనికివస్తుందని రాక్స్‌బరో ఎంతో ప్రయత్నించాడు.

ఒక ప్రశ్న, ఒక జవాబు

ఈ చరిత్రంతా చదివాక నా మనసులో ఒక దృశ్యం నిలిచిపోయింది. సామర్లకోట చుట్టుపక్కల ఎక్కడో ఒకనాడు ఆ దొర ఒక పొద దగ్గర నిలబడి “దీనిని ఏమంటారు?” అని అడిగి ఉంటాడు. ఎవరో ఒకరు, కూలి కావచ్చు, కాపరి కావచ్చు, వంటమనిషి కావచ్చు, “కారల్లం అంటారండీ” అని చెప్పి ఉంటారు. ఆ చెప్పినవారి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. వారి మాట మాత్రం ప్రపంచంలోని వృక్షశాస్త్ర గ్రంథాలన్నిటిలోనూ ఉంది.

ఈనాడు ఆ ప్రశ్న అడిగేవారు తగ్గిపోయారు, చెప్పగలిగినవారూ తగ్గిపోతున్నారు. నేను పనిచేసిన గుట్టల్లో కొన్ని ఇప్పుడు కంకర క్వారీలయినాయి. మిగిలినచోట కాడలను వేళ్లతో సహా పెరికి బస్తాలకెత్తితే కొంతకాలానికి మొక్కే మిగలదు. మన గుట్టల్లోని మొక్కలను విద్వాంసులు శ్రద్ధగా నమోదు చేశారు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో పుల్లయ్య గారు, వారి సహచరులు 1997 నుండి వెలువరించిన ఆంధ్రప్రదేశ్ వృక్షసంపద గ్రంథాలు అందుకు సాక్ష్యం. అయితే ఏ ఊళ్లో ఏ పేరుతో పిలుస్తారనేది ఊరి పెద్దల నోటనే ఉంటుంది.

మాత్రల విషయం కూడా చెప్పి ముగిస్తాను. 2007లో బెంగుళూరు పరిశోధకులు ప్రచురించిన ఒక పరీక్షలో, బరువు ఎక్కువగా ఉన్న 50 మందిలో కొందరికి ఈ మొక్క సారాన్ని, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్రలను 60 రోజులు ఇచ్చారు. సారం తీసుకున్నవారిలో ఆకలి, నడుము చుట్టుకొలత తగ్గాయి. బరువులో మాత్రం చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కాబట్టి డబ్బా మీది మాటలన్నీ నమ్మనక్కరలేదు. చక్కెర జబ్బుకో, రక్తపోటుకో మందులు వాడే మన వయసువారు డాక్టరును అడగకుండా వీటి జోలికి పోరాదు. గుట్ట మీద కనిపించిన కాడనల్లా కుందేటి కొమ్మనుకొని నోట పెట్టుకోవడం అంతకంటె ప్రమాదం. అది జెముడు కావచ్చు.

మిత్రులకు నా మనవి ఒక్కటే. మనలో అటవీ, రెవెన్యూ, సర్వే, వ్యవసాయ, విద్యాశాఖల్లో పనిచేసి పల్లె పల్లె తిరిగినవారు ఎందరో ఉన్నారు. ఈ మొక్కను మీ ప్రాంతంలో ఏమంటారు? ఏ నెలలో పూస్తుంది? ఎలా వండుతారు? ‘కారల్లం’ అనే మాట ఇంకా ఎవరి నోటనైనా వినిపిస్తున్నదా? ఊరి పేరు, మండలం పేరుతో ఒక కార్డు ముక్క మీద వ్రాసి సంఘ కార్యాలయానికి పంపండి. అన్నీ ఒకచోట చేర్చి వచ్చే సంచికలో ప్రకటించే బాధ్యత నాది.

మా మనుమరాలు డబ్బా పక్కన పెట్టేసింది. “ఈసారి వచ్చినప్పుడు ఆ గుట్ట చూపించు తాతయ్యా” అన్నది. మోకాళ్లు సహకరిస్తే వానలు పడ్డాక తీసుకువెళ్లాలని ఉంది.